కొట్టివేతల్లోంచి పుట్టిన బొమ్మలు

రవీంద్రనాథ్ ఠాగూర్ 1900లో తన మిత్రుడు, శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్‌కు రాసిన ఒక ఉత్తరంలో బొమ్మల సంగతి ఎత్తారు. స్కెచ్ బుక్ ఒకటి పెట్టుకుని బొమ్మలు వేస్తున్నాననీ, అయితే పెన్సిల్ కంటే రబ్బరుకే ఎక్కువ పని పడుతోందనీ అందులో చెప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. బెంగాలీ సాహిత్యంలో పెద్ద పేరు. ఇంట్లో కళకు కొదవలేదు, అన్న కొడుకు వరసయ్యే అవనీంద్రనాథ్ అప్పటికే చిత్రకారుడు. అంత వాతావరణంలో ఉండి కూడా ఆయన చేతికి బొమ్మ లొంగలేదు. ఆ ముచ్చట దాదాపు అక్కడితో అటకెక్కింది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత, 1924 చివర్లో, పెరూ వెళ్తూ దారిలో జబ్బుపడి ఆయన అర్జెంటీనాలో దిగిపోవాల్సి వచ్చింది. బ్యూనస్ ఎయిరిస్ పక్కన శాన్ ఇసిడ్రోలో విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఏర్పాటు చేసిన ఇంట్లో విశ్రాంతి తీసుకుంటూ కవితలు రాసుకునేవారు. రాస్తూ రాస్తూ నచ్చని మాటనో, పంక్తినో కొట్టేసేవారు. కొట్టేసి ఊరుకోకుండా ఆ గీతను పక్కనున్న మరో కొట్టివేతతో కలిపేవారు. కలుపుతూ పోతే ఒకచోట పక్షి ముక్కు, ఇంకోచోట పేరు తెలియని జంతువు నోరు, మరోచోట మనిషి ముఖం తేలేవి. ఆ పేజీలు చూసి ఒకాంపో ఆశ్చర్యపోయింది. 1928 ప్రాంతానికి ఆ గీతలు కవితల పేజీలు వదిలి విడి కాగితాల మీదికి వచ్చాయి. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో, ఒకాంపో పూనికతోనే, మొదటి ప్రదర్శన జరిగింది. అదే ఏడాది ఇంగ్లండ్, జర్మనీ, డెన్మార్క్, రష్యా, అమెరికా కూడా ఆ బొమ్మలు చూశాయి. 1941లో కన్నుమూసేనాటికి ఆయన వేసినవి రెండు వేలకు పైమాటే.

1900కూ 1924కూ మధ్య ఆయన ఏ ఆర్ట్ స్కూల్లోనూ చేరలేదు. శాంతినికేతన్‌లో కళాభవన్ పెట్టి నందలాల్ బోస్ వంటి వారిని గురువుగా కూర్చోబెట్టారు తప్ప తాను విద్యార్థిగా కూర్చోలేదు. మారిందల్లా పని చేసే పద్ధతి. 1900లో ఆయన తలలో ముందే ఒక బొమ్మ ఉంది. చెయ్యి దాన్ని అందుకోవాలి, అందుకోలేకపోతే రబ్బరు పట్టాలి. 1924లో తలలో బొమ్మేమీ లేదు, కాగితం మీద మాత్రం ఒక కొట్టివేత ఉంది. మొదటిసారి ఆయన తనను తాను అడిగింది ‘సరిగ్గా వచ్చిందా?’ అని. రెండోసారి అడిగింది ‘ఇది ఏమయ్యేట్టుంది?’ అని. మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘లేదు’ అనే వస్తుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబుతో పాటు ఇంకో గీత కూడా వస్తుంది.

సృజన అంటే లోపల ఎక్కడో నిండుగా దాగి ఉంటుందనీ, మూత తీస్తే బయటికి పొంగుతుందనీ చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతో తెల్ల కాగితం ముందు కూర్చుంటే మొదట వచ్చేది టెన్షన్. ఏమీ పొంగదు. అప్పుడు ‘నాకు ఆ టాలెంట్ లేదు’ అనేసుకుని లేచిపోతారు. చేసి చూసినవాళ్ల అనుభవం ఇందుకు భిన్నంగా ఉంటుంది. ముందు చెయ్యి కదలాలి, ఏదో ఒక గుర్తు పడాలి, దానికి కన్ను బదులివ్వాలి. ఆ రాకపోకల్లోనే తనదైన రూపం నెమ్మదిగా తేలుతుంది. అది ముందే ఉండి ఉంటే ఠాగూర్‌కు 1900లోనే దొరికేది కదా.

ఆయన మహాకవి, ఆయనతో మామూలు మనుషులకు పోలికేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. కానీ ఆ బొమ్మలు ఆయన కవిత్వంలోంచి వచ్చినదాని కంటే చేతిరాతలోంచి వచ్చింది ఎక్కువ. యాభై ఏళ్లకు పైగా కలం తిప్పిన మణికట్టుకు ఒక నడక అలవాటై ఉంది. దొర్లుతూ పోయి చివర కొంచెం వంపు తిరిగే గీత అది. బొమ్మల్లో కనిపించేది కూడా అదే గీత. ఆ లెక్కన చేతిరాత ఉన్న ప్రతివారి దగ్గరా ఎంతో కొంత పెట్టుబడి ఉన్నట్టే.

తెలుగువాళ్ల దగ్గరైతే కాస్త ఎక్కువే ఉంది. ‘నాకు గీత కూడా తిన్నగా రాదు’ అనేవాళ్లు అ, ఋ, ణ, ళ, క్ష రాస్తూనే ఉంటారు. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు తిన్నని గీతలకు ఆకు చీలిపోయేదనీ, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయనీ లిపి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. కారణం ఏదైనా, తెలుగు రాసే చెయ్యి చిన్నప్పటి నుంచీ రోజూ సున్నాలు, సుడులు, తలకట్లు, కొమ్ములు తిప్పుతూ పెరిగింది. బొమ్మ గీయడానికి కావలసిన కసరత్తు సగం అందులోనే అయిపోతుంది. బాపు ఉదాహరణ అందరికీ తెలిసిందే. ఆయన చదివింది లా. ఆయన బొమ్మల్లోని గీతకూ చేతిరాతలోని గీతకూ తేడా కనిపెట్టడం కష్టం. ఆ చేతిరాత చివరికి కంప్యూటర్ ఫాంటై శుభలేఖల మీదికీ, షాపు బోర్డుల మీదికీ ఎక్కింది. ఇప్పుడు చాలామందికి చేతిరాత సంతకం దగ్గర ఆగిపోయింది, మిగతాదంతా ఫోన్‌లో టైపింగే. బొమ్మలు వేయాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఇది కాస్త నష్టమే.

మరి ఆ చెయ్యి ఎప్పుడు జంకుతుంది? చిన్నపిల్లల్ని చూస్తే కొంత తెలుస్తుంది. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళాబోధకుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మల్ని వయసువారీగా పరిశీలించి 1947లో ఒక క్రమం ప్రతిపాదించారు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చి గీతలు. తర్వాత పెద్ద తల, దానికే అతికించిన కాళ్లు. ఏడెనిమిదేళ్లకు ఇల్లు ఇలా ఉంటుంది, చెట్టు ఇలా ఉంటుంది అని సొంత గుర్తులు స్థిరపడతాయి. తొమ్మిది దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. కళ్లకు కనిపించినట్టే కాగితం మీద కనిపించాలన్న పట్టుదల వస్తుంది, చెయ్యి మాత్రం అంత వేగంగా ఎదగదు. ‘కుక్కను వేశాను, గాడిదలా వచ్చింది’ అని కాగితం చింపేసే వయసు అదే. ఈ క్రమం అన్ని సమాజాలకూ ఒకేలా వర్తించదని తర్వాతివాళ్లు అభ్యంతరం చెప్పారు, అందులో నిజముంది. అయినా తొమ్మిది, పదేళ్ల దగ్గర పిల్లలు బొమ్మలు మానేయడం మన ఇళ్లలో కళ్లారా చూసేదే.

మన దగ్గర ఆ వయసుకు స్కూలు కూడా తోడవుతుంది. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు. బొమ్మ వేయాల్సిన ఒకే ఒక్క సందర్భంగా సైన్స్ రికార్డు మిగులుతుంది. అందులో గుండె నిలువుకోత పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే మార్కులు పోతాయి. సైన్స్‌కు అది న్యాయమే. కానీ బొమ్మ అంటే పుస్తకంలో ఉన్నదాన్ని దించడమేనన్న అభిప్రాయం అక్కడే గట్టిపడుతుంది. రికార్డులో బొమ్మలు బాగా వేసే పిల్లకు క్లాసులో ‘ఆర్టిస్ట్’ అని పేరొస్తుంది, మిగతా నలభై మంది ఆ పేరు తమది కాదని తేల్చుకుంటారు. ఆ తీర్పు నలభై ఏళ్ల తర్వాత కూడా చెల్లుబాటవుతూ ఉండటమే విచిత్రం.

ఇంకో గండం బహుమతి. ఇది చెబితే చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూల్లో మార్క్ లెపర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలంటే సహజంగానే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవాళ్లకు అసలేమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాల తర్వాత అదే క్లాసులో స్కెచ్ పెన్నులు పెట్టి, ఎవరిష్టం వాళ్లదన్నారు. సర్టిఫికెట్ వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. సర్టిఫికెట్ కోసం వేసిన బొమ్మలు నాణ్యతలో కూడా తగ్గాయి. అనుకోకుండా అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు. అంటే చెరుపు చేసింది సర్టిఫికెట్ కంటే దానికోసం ఎదురుచూపే. అపార్ట్‌మెంట్లలో ఆగస్టు 15కు పెట్టే డ్రాయింగ్ పోటీల్లో చార్టు ముందు కూర్చున్న పిల్లవాడి వెనక నిలబడి ‘జెండా పెద్దది వెయ్, జడ్జీలకు కనపడాలి’ అని చెప్పే తండ్రిని తలచుకుంటే సంగతి అర్థమవుతుంది. పెద్దవాళ్లకు ఆ సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు లైకులు వచ్చాయి.

సొంతదనానికి నియమం అడ్డు అనుకుంటారు. మధుబని చిత్రకారిణి గంగాదేవి జీవితం అందుకు మంచి జవాబు. బీహార్‌లోని మిథిల ప్రాంతంలో ఆడవాళ్లు పెళ్లిళ్లకు, పండగలకు గోడల మీద, నేల మీద బొమ్మలు వేయడం తరాల నాటి అలవాటు. కొత్త దంపతుల గదిలో వేసే కోబర్ చిత్రంలో తామర, వెదురు, చేపలు, చిలుకలు ఎక్కడ ఉండాలో సంప్రదాయమే చెబుతుంది. 1966-67 కరువులో ఆ ఇళ్లకు ఏదో ఒక ఆదాయం చూపించాలని హస్తకళల కోసం పనిచేసిన పుపుల్ జయకర్ చొరవతో బొంబాయి చిత్రకారుడు భాస్కర్ కులకర్ణి ఆ ఊళ్లకు వెళ్లి కాగితాలు పంచారు. అదే గీత గోడ మీది నుంచి కాగితం మీదికి దిగింది. పిల్లలు లేరన్న కారణంతో భర్త మరో పెళ్లి చేసుకోగా పూట గడవడమే కష్టంగా ఉన్న గంగాదేవికి ఆ కాగితం బతుకుతెరువు అయింది.

మొదట ఆమె వేసినవన్నీ అమ్మ నేర్పినవే. సన్నని కలంతో, నలుపు ఎరుపు ఇంకులతో, రంగు పులమకుండా గీతలతోనే బొమ్మంతా నింపే కచ్నీ పద్ధతి. ఆ గీత చేతికి పట్టుబడ్డాక పుట్టుక నుంచి సాగే మనిషి జీవితాన్ని ఒక వరుసగా వేశారు. 1985లో ఫెస్టివల్ ఆఫ్ ఇండియా కోసం అమెరికా వెళ్లొచ్చి అక్కడ చూసిన రోలర్ కోస్టర్‌ను అదే మధుబని గీతలో దించారు. తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఢిల్లీలో చికిత్స పొందుతూ ఆ అనుభవాన్నే, అంటే ఆస్పత్రికి ప్రయాణం, వార్డు, వైద్యం, వరుస బొమ్మలుగా వేశారు. 1991లో చనిపోయారు. ఆమె తర్వాతి బొమ్మల్ని చూస్తే ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. కోబర్ నియమాలు చేతిలో ఇంకిపోయి ఉండబట్టే వార్డును ఎలా వేయాలన్న బెంగ ఆమెకు రాలేదు. సంప్రదాయంలో లేని వస్తువు ఎదురైనప్పుడు పాత గీతే దాన్ని పట్టుకుంది. మొదటి రోజే ‘నీ మనసులో ఉన్నది వెయ్యి’ అని ఆమెకు తెల్ల కాగితం ఇచ్చి ఉంటే ఈ బొమ్మలు వచ్చేవా అన్నది అనుమానమే.

మన ముగ్గుల్లోనూ ఇదే కిటుకు ఉంది. 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క అనగానే సగం నిర్ణయాలు తీరిపోతాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత పెద్దది వేయాలి, ఏది మధ్య అన్న గొడవే లేదు. చెయ్యి మిగిలిన సగం మీద దృష్టి పెడుతుంది. మెలికల ముగ్గు వేసేటప్పుడు ఒక చుక్క తప్పి గీత వేరే దారి పట్టిందనుకోండి, తెలిసినావిడ మొత్తం చెరిపేయదు, అవతలి వైపు కూడా అదే తప్పు చేస్తుంది. రెండు వైపులా కలిసి కొత్త ముగ్గు అవుతుంది. పక్కింటావిడ వచ్చి దాన్ని తన నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటుంది. ధనుర్మాసమంతా రోజుకొకటి వేసి మర్నాడు ఊడ్చేసే అలవాటు వల్ల ఏ ఒక్క ముగ్గు మీదా అంత భారం ఉండదు. ఇంత అభ్యాసం ఉన్న స్త్రీలు డ్రాయింగ్ షీట్ ముందు కూర్చోగానే ‘నాకేం వచ్చు’ అనడం చూస్తే బాధ కంటే కోపమే ఎక్కువ వస్తుంది. ముగ్గును ఆర్ట్ లెక్కలోకి రానివ్వనిదెవరు?

శరీరానికి, మనసుకు దీనివల్ల జరిగే మేలు గురించి ఇప్పుడు చాలా ప్రచారం ఉంది, అందులో అతి కూడా ఉంది. తరచూ చెప్పే పరిశోధన అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం చేసి 2016లో ప్రచురించినది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 39 మందికి స్కెచ్ పెన్నులు, బంకమట్టి, కొలాజ్ సామగ్రి ఇచ్చి 45 నిమిషాలు ఏదైనా చేయమన్నారు. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. 75 శాతం మందిలో అది తగ్గింది. గతంలో బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. అయితే ఇది చిన్న గుంపు. వీళ్లతో పోల్చడానికి, అంతసేపూ ఊరికే కూర్చున్న మరో గుంపు లేదు. కాబట్టి బొమ్మలు వేస్తే బీపీ, షుగర్ కంట్రోల్ అవుతాయని వాట్సాప్‌లో తిరిగే మాటలకు ఇది ఆధారం కాదు. తీవ్రమైన దిగులుతో ఉన్నవాళ్లకు కావలసింది డాక్టర్. ఆర్ట్ థెరపీ అన్నది విడిగా శిక్షణ ఉన్న వృత్తి, స్కెచ్ పెన్నుల డబ్బా కొనుక్కోవడం దానికి సమానం కాదు. ఈ అధ్యయనంలో నమ్మదగ్గ చిన్న మాట ఒకటుంది. చేతకాకపోయినా హాయి దక్కుతుంది, అందుకు నైపుణ్యం ముందు షరతు కాదు.

ఫోన్ మాట్లాడుతూ చీటీ మీద గీసే పిచ్చి గీతల గురించి కూడా ఒక ప్రయోగం ఉంది. 2009లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీకి చెందిన జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఒక ఫోన్ మెసేజ్ వినిపించారు. వింటూ కాగితం మీది ఆకారాలను నింపినవాళ్లు ఊరికే విన్నవాళ్ల కంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. మన చర్చకు ఇందులో పనికొచ్చేది జ్ఞాపకం కాదు. ఎవరూ చూడటం లేదనీ, ఇది బొమ్మే కాదనీ అనుకున్నప్పుడు చెయ్యి ఎంత ధీమాగా కదులుతుందో ఆ చీటీల్లో కనపడుతుంది. చాలామంది సొంత శైలి మొదటి ఆనవాళ్లు అక్కడే ఉంటాయి. ఒకరు ఎప్పుడూ గడులు గీస్తారు, ఒకరు కళ్లు గీస్తారు, ఒకరు తమ పేరులోని మొదటి అక్షరానికి తీగలు పాకిస్తారు. వాటిని పారేయకుండా ఒక కవర్‌లో వేసుకుని నెల తర్వాత పరిచి చూస్తే, తాను ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మార్కెట్ చెప్పే మొదలు వేరుగా ఉంటుంది. ముందు కిట్ కొనాలంటుంది. నలభై ఎనిమిది రంగుల సెట్టు, ఆరు సైజుల బ్రష్‌లు, ఈజిల్, విదేశీ కాగితం. ఖరీదైన కాగితం మీద చెడగొట్టడానికి చెయ్యి రాదు, చెడగొట్టకుండా నేర్చుకోవడం సాధ్యం కాదు. ఇక శని, ఆదివారాల వర్క్‌షాపులున్నాయి. రెండు గంటల్లో ఇరవై మంది ఒకే సూర్యాస్తమయం, ఒకే తాటిచెట్టు పట్టుకుని ఇంటికి వెళ్తారు. సరదాకు వెళ్తే తప్పులేదు, పరిచయాలూ పెరుగుతాయి. కానీ అక్కడ నిర్ణయాలన్నీ ముందే ఎవరో తీసేసుకున్నారు. స్టెప్ బై స్టెప్ వీడియోలదీ ఇదే తంతు. మాట టైపు చేస్తే క్షణాల్లో బొమ్మ తయారుచేసే ఏఐ టూల్స్ వచ్చాక ఈ తేడా ఇంకా తేటపడింది. ఫలితమే కావాలనుకునేవాళ్లకు అవి చాలు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది మాత్రం మధ్యలో ఎదురయ్యే వందల చిన్న చిన్న ఎంపికల గురించి. ఆ ఎంపికలు చేయనివాళ్లకు తమ ఇష్టాయిష్టాలేమిటో తెలియవు.

అనుకరణను మాత్రం ఈ గాటన కట్టకూడదు. పెద్దవాళ్ల బొమ్మ పక్కన పెట్టుకుని, ట్రేసింగ్ లేకుండా, కంటితో కొలుచుకుంటూ దించడం చాలా పాత పద్ధతి, మంచి పద్ధతి. బాపు గీతను దించబోయి విఫలమైన చోటే దించేవాడి గీత ఏమిటో బయటపడుతుంది. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే కష్టం. తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం హైదరాబాద్‌లో చదివి, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడ ప్రపంచ కళంతా కళ్ల ముందుంటుంది. ఆయనకు పేరు తెచ్చిన బొమ్మలు మాత్రం కరీంనగర్ ప్రాంతంలోని సొంత ఊరు బూరుగుపల్లి మనుషులవి. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నగలు, నల్లని ఒంటి ఛాయ. చిన్నప్పుడు ఊళ్లో నాటకాలు ఆడేటప్పుడు మగవాళ్లు ఆడవేషం కట్టడం చూసి మురిసిపోయేవాణ్ణని ఆయన చెప్పుకున్నారు. ఎరుపు, పసుపు, కాషాయం వంటి కొద్ది రంగుల్లోనే దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. బరోడా ఆయనకు చేతి పని నేర్పింది. ఏం వేయాలన్నది మాత్రం అంతకు ఎంతో ముందే కంట్లో పడి ఉంది, దాని దగ్గరికి తిరిగి వెళ్లడానికి ఏళ్లు పట్టింది.

అలా తిరిగి వెళ్లడానికి మామూలు మనిషి చేయగలిగేది పెద్ద పనేమీ కాదు. వస్తువును, సాధనాన్ని ఇరుకు చేసుకుంటే చాలు. ఒక బాల్ పెన్ను, ఒక చవక నోట్‌బుక్, ఒకే వస్తువు. వంటింట్లోని ఇత్తడి చెంబు కావచ్చు, బాల్కనీలోంచి కనిపించే వేపచెట్టు కావచ్చు. బాల్ పెన్ను ఎందుకంటే దానికి రబ్బరు పనిచేయదు. తప్పు గీత అక్కడే ఉంటుంది, దాన్ని కలుపుకుని పోవాలి. అదే చెంబును పది రోజులు వేస్తే పదకొండో రోజుకు విసుగొస్తుంది. ఆ విసుగు దగ్గర ఆపేవాళ్లే ఎక్కువ, కానీ మార్పు వచ్చేది కూడా అక్కడే. చెంబు ఆకారం చేతికి వచ్చేశాక, ఇంక చూడటానికేం లేదనుకున్నాక, నీడ కనిపిస్తుంది. లేదా చెంబుకు ముఖం పెట్టాలనిపిస్తుంది. లేదా చెంబును వదిలేసి దాని చుట్టూ ఉన్న ఖాళీని నింపాలనిపిస్తుంది. ఈ మూడింటిలో ఎవరికి ఏది తడుతుందన్న దగ్గరే ఒకరికీ మరొకరికీ తేడా మొదలవుతుంది. పేజీ మూలన తేదీ వేసుకోవడం మంచిది. వెనక్కి తిప్పి చూసుకునేటప్పుడు మార్పు ఎక్కడ జరిగిందో దొరుకుతుంది.

ఖాళీ దొరకదన్న ఫిర్యాదు నిజమే, ముఖ్యంగా ఇంటి పనీ ఉద్యోగమూ రెండూ మోసే ఆడవాళ్లకు. దీనికి చిట్కాలు చెప్పడం తేలిక, ఇంట్లో ఇంకొకరు అంట్లు తోమితే తప్ప అవి పనిచేయవు.

తొలి రోజుల్లో ఎవరికి చూపించాలన్నది కూడా చిన్న సంగతి కాదు. ఆంధ్ర చిత్రకారుడు దామెర్ల రామారావు చదువుకునే రోజుల్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు. ఆ కుర్రాడి చేతిలో పస ఉందని గుర్తించి ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లే దారి చూపారు. రామారావు 1925లో 28 ఏళ్లు నిండకుండానే మశూచితో చనిపోయినా, ఆ కొద్ది కాలంలో వేసిన బొమ్మలతో ఆంధ్ర చిత్రకళకు ఒక ఒరవడి ఏర్పడింది. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. కళ చెప్పాల్సిన అవసరమే లేని ఒక కాలేజీలో, దాన్ని చూడగలిగిన మనిషి ఒకరు ఉండటం వల్ల జరిగిన పని ఇది. అలాంటి కన్ను ఉన్నవాళ్లు ‘సూపర్’ అనరు. ‘ఇక్కడ ఈ చెయ్యి ఇలా ఎందుకు వంచావు?’ అని అడుగుతారు. ఫ్యామిలీ గ్రూపులో బొమ్మ పెడితే నలభై దండాలు, పూలగుత్తులు వస్తాయి తప్ప ఈ ప్రశ్న రాదు. రెండు నెలల పాటు ఎవరికీ చూపించకుండా ఉండి, తర్వాత అడగడం తెలిసిన ఒక్కరికి చూపించడం మేలు. అలాంటివారు ఇంట్లోనే ఉండాలని లేదు, చిత్రకారులే కానక్కర్లేదు కూడా.

బొమ్మలు కొంచెం కుదిరాక వచ్చే మాట ‘అమ్మొచ్చుగా’ అన్నది. డబ్బును చూసి ముఖం తిప్పుకోవాల్సిన పనేమీ లేదు, గంగాదేవి కాగితం పట్టిందే డబ్బు కోసం. కానీ ఆర్డర్లు మొదలయ్యాక కొనేవాళ్లు కిందటిసారి చూసిందే అడుగుతారు. అదే వినాయకుడు, అదే నెమలి, గృహప్రవేశానికి అదే సైజు. 1985లో అమెరికా మనస్తత్వవేత్త తెరెసా అమబైల్ 72 మంది యువ రచయితల మీద చేసిన ప్రయోగంలో, పేరు, డబ్బు వంటి బయటి కారణాల జాబితాను కొందరి చేత కాసేపు చదివించాక వాళ్లు రాసిన చిన్న కవితలు మిగతావాళ్లు రాసిన వాటి కంటే చప్పగా ఉన్నాయని న్యాయనిర్ణేతలు తేల్చారు. ఆ జాబితా చదవడం కొద్ది నిమిషాల పనే. ఏడాది పొడుగునా ఆర్డర్ల మధ్య ఉండే చేతి మీద ఆ ప్రభావం ఇంకా ఎక్కువే ఉంటుందనుకోవచ్చు. అందుకని ఆర్డర్ల పని చేసేవాళ్లు వారంలో ఒక పూటైనా ఎవరూ అడగని బొమ్మకు విడిగా ఉంచుకోవాలి. ఆ బొమ్మకు ఫొటో తీయక్కర్లేదు, ధర కట్టక్కర్లేదు. కొన్నాళ్లకు అందులోని ఏదో ఒక మలుపు ఆర్డర్ బొమ్మలోకి జారుకుంటుంది. కొనేవాళ్లకు నచ్చకపోతే పాత నెమలి ఎలాగూ ఉంది.